పెనుకొండ సీమలో స్వాతంత్ర్య పోరాటం: రికార్డుకెక్కని వాళ్ల సంగతి

పెనుకొండ పేరెత్తితే ఎవరైనా చెప్పేది విజయనగర రాజుల సంగతే. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక రాజధాని ఇక్కడికి మారిందనీ, కొండమీద కోట ఉందనీ, కింద గగన్‌మహల్ ఉందనీ పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. అక్కడి నించి చరిత్ర ఒక్క గంతు వేసి కాంగ్రెసు కాలంలో పడుతుంది. హిందూపురం దగ్గరి కల్లూరు సుబ్బారావు జైలుకు పోవడం, 1926లో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు శ్రీ సాధన పత్రిక పెట్టడం, ఆ తర్వాత నీలం సంజీవరెడ్డి, తరిమెల నాగిరెడ్డి. వీళ్లు చేసిన త్యాగం చిన్నదని అనడానికి మనకు హక్కు లేదు. ప్రశ్న ఆ గంతు గురించి. 1800లో కంపెనీ చేతికి చిక్కిన ఈ సీమలో, కాంగ్రెసు జెండా వచ్చేదాకా నూట ఇరవై ఏళ్లు, ఎవరూ ఎదురు తిరగలేదా? తిరిగితే వాళ్లెవరు? జెండా వచ్చాక దాని కింద నిలబడి తూటా తిన్నవాళ్లు ఏ వాడల వాళ్లు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు 'స్వాతంత్ర్య సమరయోధుడు' అన్న మాటకు సర్కారు ఇచ్చిన అర్థం ఏమిటో చూడాలి. 1972 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు పెన్షను పథకం మొదలుపెట్టింది. తామ్రపత్రాలు కూడా పంచింది. పెన్షనుకు ముఖ్యమైన అర్హత జైలు. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలి. ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్లకు మూడు నెలలు చాలన్నారు. ఈ సడలింపు మంచిదే. అయితే దానికీ రుజువు కావాలి. జైలు రికార్డు దొరక్కపోతే తనతో పాటు జైల్లో ఉన్న గుర్తింపు పొందిన సమరయోధుడి సర్టిఫికెట్టు తేవాలి. ఇక్కడే మెలిక ఉంది. 1930 ప్రాంతంలో జైళ్లలో ఎ, బి, సి తరగతులు పెట్టారు. ఆ తరగతి నేరాన్ని బట్టి మాత్రమే ఇచ్చింది కాదు. ఖైదీ చదువు, హోదా, బయట అతను బతికిన తీరు కూడా చూసేవాళ్లు. వకీలు, భూస్వామి, పట్టభద్రుడు ఎ, బి తరగతుల్లోకి పోతే, కూలివాడు సి తరగతిలో రాగిసంకటి తిని రాళ్లు కొట్టేవాడు. ముప్పై, నలభై ఏళ్లు గడిచాక ఎ తరగతి ఖైదీ సర్టిఫికెట్టు రాసేటప్పుడు ఎవరు గుర్తొస్తారు? తన బ్యారక్‌లో ఉన్నవాళ్లే గుర్తొస్తారు. ఇందులో కుట్ర అక్కర్లేదు. జైలు గోడలు ముందే ఆ పని చేసిపెట్టాయి.

కాబట్టి రికార్డు అనేదాన్ని కొంచెం అనుమానంగా చూస్తూనే వెనక్కి పోదాం.

కట్టుబడి మాన్యం కథ

1800 అక్టోబరులో నిజాము, కంపెనీకి బాకీ కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం రాసిచ్చేశాడు. అందుకే ఈ ప్రాంతానికి 'దత్త మండలాలు' అని పేరు పడింది. ఇచ్చింది నిజాము, పుచ్చుకున్నది కంపెనీ. 'దత్తం' అనే మాటలో ఇక్కడి జనం ఎక్కడా లేరు. ఆ పేరు నచ్చకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరు పెట్టాడు. ఆ పేరులోనూ రాజులే ఉన్నారు. అది వేరే చర్చ.

కంపెనీ తరఫున థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అప్పటికి సీమలో 80 మంది పాలెగాళ్లున్నారు. మన్రో వాళ్ల సైన్యాలను రద్దు చేసి, కొందర్ని తరిమి, కొందరికి పెన్షన్లిచ్చి కూర్చోబెట్టాడు. పాలెగాళ్ల గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. పాలెగాడి కింద కత్తి, బల్లెం పట్టిన బంటు సంగతి ఎవరికి కావాలి? అతనికి జీతం రొక్కంగా ఇచ్చేవాళ్లు కాదు. ఊళ్లో కొంత భూమి ఇచ్చేవాళ్లు. దానికి పూర్తి శిస్తు ఉండదు, నామమాత్రంగా కొంత మొత్తం 'కట్టుబడి'గా కట్టాలి. బదులుగా పిలిచినప్పుడు ఆయుధం పట్టి రావాలి, ఊరి దారులు, కనుమలు కాపలా కాయాలి. ఇదే కట్టుబడి మాన్యం. ఈ బంట్లలో బోయలు ఎక్కువ. వడ్డెలూ, ఇతర కింది కులాల వాళ్లూ ఉన్నారు. ఊరి లోపల తలారి, వెట్టి, నీరటి పనులకూ ఇలాగే మాన్యాలుండేవి. వెట్టి పని మాల, మాదిగ వాడలదే అని మనకు తెలుసు.

మాన్యం అంటే ఏమిటో ఈనాటి పాఠకులకు విడమరిచి చెప్పాలి. కింది కులాల వాడికి భూమి మీద ఏదైనా హక్కు ఉందంటే చాలా ఊళ్లలో అది ఈ సేవా మాన్యం రూపంలోనే. రెండెకరాలైనా సరే, అది ఉన్నన్నాళ్లు అతను రెడ్డి పొలంలో పాలేరు కాడు. పోయిందంటే మరుసటి రోజు నించి కూలి. పాలెగాణ్ణి తీసేసినప్పుడు కంపెనీ మొదట్లో కట్టుబడి బంట్లను పూర్తిగా కదిలించలేదు. కాపలాకు వాళ్లు అవసరమయ్యారు. రాను రాను జీతం పోలీసులు, తాలూకా కచేరీలు బలపడ్డాక, ఈ మాన్యాలు ఖజానాకు నష్టంగా కనిపించసాగాయి. మాన్యందారు చనిపోతే కొడుక్కి ఇవ్వకుండా భూమిని సర్కారు కలిపేసుకోవడం మొదలైంది.

1846లో గుళ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ఊళ్లలో జరిగింది ఇదే. చనిపోయిన వాళ్ల భూములు సర్కారు తీసుకుంది. అప్పుడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ మొదలవుతుంది. ఆయన నొస్సం పాలెగాళ్ల వంశంలోని వాడు. ఇంటికి వచ్చే పెన్షనులో ఆయన వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆ పెన్షను కోసం పంపితే కోయిలకుంట్ల తాసిల్దారు అవమానించాడన్న కథ అందరికీ తెలుసు, 2019లో సినిమా కూడా వచ్చింది. సినిమాలో అయినా బుర్రకథలో అయినా కథ అవమానం చుట్టూ తిరుగుతుంది. రెడ్డిగారికి అవమానం నిజమే కావచ్చు. కానీ వందల మంది ఆయన వెంట నడవడానికి ఆయన అవమానం చాలదు. వాళ్లకు వాళ్ల లెక్క ఉంది: తండ్రి చనిపోతే రేపు మా భూమీ పోతుంది.

1846 జూలై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తాసిల్దారు చనిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు గిద్దలూరు నించి నల్లమల దాకా కంపెనీ సైన్యంతో వెంటాట. అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో నరసింహారెడ్డి దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేన్ ఎదుట ఉరితీశారు. ఆయన తలను కోట గోడకు 1877 దాకా వేలాడదీశారు. ముప్పై ఏళ్లు! ఒక తరం పిల్లలు ఆ తల చూస్తూ పెరిగారన్న మాట.

ఇంకొక లెక్క చూడండి. దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు పుట్టాయి. 412 మందిని నేరం లేదని వదిలేశారు. 273 మందిని జామీను మీద విడిచారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. శిక్ష పడిన ఈ నూటపన్నెండు మంది పేర్లు పాఠ్యపుస్తకంలో ఎన్ని ఉన్నాయి? ఒకటి, మహా అయితే రెండు. గోసాయి వెంకన్న పేరు కథల్లో మిగిలింది. వడ్డె ఓబన్న పేరు పాటల్లోనూ, వడ్డెర కులస్తుల జ్ఞాపకంలోనూ మిగిలింది. నొస్సం ప్రాంతపు ఓబన్న నరసింహారెడ్డికి సేనానిగా పోరాడిన వాడు. ఇటీవలి సంవత్సరాల్లో జనవరి 11న ఆయన జయంతి జరుపుతున్నారు, విగ్రహాలు లేస్తున్నాయి. ఆ పని కులసంఘాలు చేశాయి, చరిత్రకారులు చేసింది తక్కువ. కులసంఘం చరిత్ర రాస్తే అతిశయోక్తి ఉంటుందని మన ప్రొఫెసర్లు ముక్కు విరుస్తారు. ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఝల్కారీబాయి కథ కూడా మొదట కోరీ కులస్తులు చెప్పుకొని, చిన్న పుస్తకాలు వేసుకొని నిలబెట్టుకున్నదే. 2001లో తపాలా బిళ్ల వచ్చింది. రాజపోషణ ఉన్న కావ్యాల్లో అతిశయోక్తి ఉంటే దాన్ని అలంకారం అన్నాం కదా.

పెనుకొండ వాళ్లకు ఓబన్న కథ ఇంకో కారణం చేత కూడా పట్టించుకోదగింది. వడ్డెర్లు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన కులాల 'ఎ' గ్రూపులో ఉన్నారు. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగు పెడితే అదే కులం 'భోవి' పేరుతో షెడ్యూల్డు కులం. బోయలు ఇక్కడ మైదానంలో బి.సి.లు, అక్కడ నాయక పేరుతో షెడ్యూల్డు తెగ. బావిలో రాయి కొట్టే చేతులు ఒకటే, బంధుత్వాలూ ఒకటే. సర్టిఫికెట్టు మాత్రం ఏరు దాటితే మారిపోతుంది. ఓబన్న దళితుడా, బహుజనుడా అని సభల్లో వాదించుకునే మన మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నరసింహారెడ్డి పాలెగాడు. కట్టుబడి బంటు ఆయనకు సమానుడు కాడు. పాలెగాళ్ల రాజ్యం తిరిగి వస్తే మాల, మాదిగ వాడలకు ఒరిగేది ఏమీ లేదు. కంపెనీని ఎదిరించిన ప్రతివాణ్ణీ ప్రజాస్వామ్యవాదిగా చూపితే అది కూడా అబద్ధమే అవుతుంది. మన వాదన అంతవరకు పోదు. తిరుగుబాటు భారం మోసినవాళ్లు తమ భూమి కోసం, తమ కారణంతో మోశారు. నాయకుడి కారణం వేరు. రెండింటినీ ఒకే కథగా అల్లడం వల్లే బంటు కారణం మాయమైంది.

ఉప్పు, వేలిముద్ర

ఉప్పు సత్యాగ్రహం అంటే 1930, దండి. రాయలసీమకు సముద్రం లేదు, కాబట్టి ఉప్పు కథ మనది కాదనుకుంటాం. ఎరుకల వాళ్లను అడిగితే వేరే సంగతి తెలుస్తుంది. వాళ్లలో 'ఉప్పు ఎరుకల' అనీ, 'కరివేపాకు ఎరుకల' అనీ శాఖలున్నాయి. పేర్లే చెబుతున్నాయి వాళ్ల వృత్తి. కోస్తా నించి ఉప్పు ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకొని మెట్ట సీమలకు తెచ్చి, ధాన్యం మార్చుకొని పోయేవాళ్లు. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధికారం పెట్టింది, ధర పెరిగింది. 1882 అటవీ చట్టంతో వెదురు, మేత, కట్టెలు సర్కారువయ్యాయి. తట్టలు, బుట్టలు అల్లుకోవడానికి కూడా అనుమతి కావాలి. 1890లలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు రైలు నడిచింది. ఉప్పు బస్తా రైలెక్కింది, ఎరుకలవాడి ఎద్దు ఖాళీగా నిలబడింది.

బతుకుతెరువు పోయిన వాళ్లు సంచారం మానలేదు. సర్కారు దృష్టిలో పని లేకుండా తిరిగేవాడు దొంగ. 1871లో ఉత్తరాదిలో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో కొత్తగా చేసి మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. ఒక కులంలో పుట్టడమే నేరానికి రుజువు. వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుకు హాజరు వేయించుకోవాలి, పక్క ఊరికి పోవాలన్నా చీటీ కావాలి. కొందర్ని కుటుంబాలతో సహా సెటిల్‌మెంట్లలో పెట్టారు. సాల్వేషన్ ఆర్మీకి అప్పగించిన స్టువర్టుపురం అందులో పేరుమోసింది. మద్రాసులో ఈ చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. వెంటనే 'అలవాటు పడిన నేరస్థుల' చట్టాలు వచ్చాయి.

ఇప్పుడు ఆలోచించండి. రాత్రి పోలీసుకు హాజరు చెప్పాల్సిన ఎరుకలవాడు కాంగ్రెసు సభకు ఎలా పోతాడు? పోతే అది రాజకీయం అవుతుందా, చట్టం తప్పి తిరగడం అవుతుందా? అతన్ని పట్టుకుంటే జైలు పుస్తకంలో ఏమని రాస్తారు? అదే శాసనోల్లంఘనం వకీలు చేస్తే సత్యాగ్రహం, ఎరుకలవాడు చేస్తే పారిపోవడం. పెన్షను పథకంలో ఆరు నెలలా మూడు నెలలా అన్న లెక్క అతని దగ్గరికి రానే రాదు, ఎందుకంటే అతను జైల్లో ఉన్నది 'దొంగ'గా.

వేలిముద్రకు ఎదురు తిరిగిన వాళ్లూ ఉన్నారు. పెనుకొండకు తూర్పు దక్షిణంగా కోలారు బంగారు గనులు. జాన్ టేలర్ కంపెనీ నడిపిన ఆ గనుల్లో పాతాళంలో పనిచేసింది ఎక్కువగా తమిళ దళితులు. చిత్తూరు వైపు తెలుగు కూలీలూ ఉన్నారు. 1930లో, దేశం దండి వైపు చూస్తున్న ఏడాదిలోనే, కూలీల వేలిముద్రలు తీసుకొని రిజిస్టరు చేస్తామంటే వేలాది మంది పని మాని మూడు వారాలు సమ్మె చేశారు. కూలి పెంపు కోసం అయితే జనానికి సులభంగా అర్థమయ్యేది. ఇది 'మేం నేరస్థులం కాము' అన్న పోరాటం. దీన్ని కార్మిక చరిత్రలో రాస్తారు, స్వాతంత్ర్య చరిత్రలో రాయరు. గని ఇంగ్లీషు కంపెనీది, చట్టం ఇంగ్లీషువాడిది, కూలీ మనవాడు. ఇంకేం కావాలో మరి.

తెల్లదొర, నల్లదొర

దళితులు జాతీయోద్యమానికి దూరంగా ఉన్నారు, తెల్లవాణ్ణి కావాలనుకున్నారు అన్న నింద ఒకటుంది. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. హైదరాబాదు నించి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. 'మేం పంచములం కాము, ఆది ఆంధ్రులం' అని ఆ సభ ప్రకటించింది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. వీళ్లెక్కడ లోపలికి వస్తారోనని. 1921 ప్రాంతంలో గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' దేశమంతా మోగుతుంటే, రాజమండ్రి వైపు నించి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. గరిమెళ్ల తన పాటకు జైలుకు పోయాడు, అది గొప్ప సంగతే. ధర్మన్న పాట దానికి విరోధం కాదు, మిగతా సగం.

పల్లెలో మాదిగవాడికి ఇంగ్లీషు ప్రభుత్వం ఎలా కనిపిస్తుంది? దొర ముఖం ఎప్పుడూ చూడడు. కనిపించేది మునసబు, కరణం. శిస్తు వసూలు, వెట్టికి పిలుపు, బంజరు దరఖాస్తు తిరగ్గొట్టడం అన్నీ వాళ్ల చేతుల మీదుగానే. 1895లో చట్టం చేసి ఈ ఊరి ఉద్యోగాల వారసత్వాన్ని సర్కారే గట్టిపరిచింది. కరణం కొడుకు కరణం, వెట్టివాడి కొడుకు వెట్టి. అంటే వలస పాలన మన ఊళ్లో కులం భుజం మీద కూర్చుంది. నల్లదొరను వద్దనడం తెల్లదొర పీఠం కాళ్లు నరకడమే. ఈ వారసత్వ ఉద్యోగాలు ఆంధ్రప్రదేశ్‌లో పోయింది 1984లో. స్వాతంత్ర్యం వచ్చి 37 ఏళ్లయ్యాక.

విదురాశ్వత్థం, 1938

ఇప్పుడు ఏరు దాటుదాం. హిందూపురం నించి గౌరీబిదనూరు పోయే దారిలో, సరిహద్దు దాటిన కొద్ది మైళ్లకే, పినాకిని ఒడ్డున విదురాశ్వత్థం. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు అక్కడ ఉండేది. ఆ పెద్దచెట్టు 2001లో కూలిపోయింది. చుట్టూ వేల నాగప్రతిమలు. పిల్లలు లేనివాళ్లు వచ్చి నాగరాయి నిలబెడతారు. హిందూపురం, మడకశిర, పెనుకొండ ఊళ్ల నించి జనం పోతూనే ఉంటారు. అక్కడి వాళ్లూ ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడేవాళ్లు.

1938లో ఈ ఏరు రెండు రాజ్యాలకు గట్టు. ఇవతల మద్రాసు రాష్ట్రం. 1937 జూలై నించి రాజాజీ మంత్రివర్గం. కాంగ్రెసే సర్కారు కాబట్టి హిందూపురంలో మూడు రంగుల జెండా పట్టుకుంటే అడిగేవాడు లేడు. అవతల మైసూరు సంస్థానం. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు, దివాను మీర్జా ఇస్మాయిల్. అక్కడ అదే జెండా ఎత్తడం నేరం. సంస్థానాన్ని 'మాదిరి సంస్థానం' అని పొగిడేవాళ్లు. 1881లో ఇంగ్లీషువాళ్లు రాజ్యాన్ని ఒడయర్లకు తిరిగిచ్చినా ఏటా లక్షల రూపాయల కప్పం వసూలు చేసేవాళ్లు. రెసిడెంటు కనుసన్నల్లోనే దివాను పని. అందుకే సంస్థానం మీద పోరాటం వలస పాలన మీద పోరాటం కాదనడం కుదరదు. అక్కడ తెల్లదొర నల్లదొర చొక్కా వేసుకొని ఉన్నాడు, అంతే.

ఏప్రిల్ 11న మద్దూరు దగ్గరి శివపురంలో మైసూరు కాంగ్రెసు జెండా సత్యాగ్రహం చేసింది. అరెస్టులు జరిగాయి. జెండా ఎత్తడం ఊరూరికీ పాకింది. అదే చైత్రంలో విదురాశ్వత్థం జాతర. ఏప్రిల్ 25న నిషేధాజ్ఞలుండగా, గుడి దగ్గరి తోపులో జనం వేల సంఖ్యలో పోగయ్యారు. జెండా ఎత్తే ప్రయత్నం, పోలీసుల లాఠీలు, ఆ వెంటనే కాల్పులు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు పది మంది. జనం లెక్క ముప్పై దాటింది. గాయపడినవాళ్లు ఎందరో. చనిపోయిన వాళ్లలో నాగసంద్రం గౌరమ్మ ఉంది. ఆమె అప్పుడు గర్భవతి.

'దక్షిణాది జలియన్‌వాలాబాగ్' అని దీనికి పేరు. ఆ పోలిక చావుల సంఖ్యలో కుదరదు. 1919 ఏప్రిల్ 13న అమృతసరంలో సర్కారు ఒప్పుకున్న లెక్కే 379. పోలిక వేరేచోట ఉంది. అక్కడ బైశాఖి, ఇక్కడ తేరు. రెండుచోట్లా చనిపోయింది పండగకొచ్చిన పల్లె జనం. మన చర్చకు ఇదే కీలకం. కాంగ్రెసు సభకు పోవాలంటే నాలుగణాల సభ్యత్వం, ఖద్దరు, పిలిచేవాడు కావాలి. జాతరకు ఎవరి పిలుపూ అక్కర్లేదు. గుడి లోపలికి రానివ్వని కులాల వాళ్లు కూడా తోపులో నిలబడతారు, బొరుగులు కొంటారు, తేరు దూరం నించి చూస్తారు. పలకలు, తప్పెట్లు లేకుండా మన సీమలో ఏ జాతర నడిచింది? జెండాను గుళ్లోనో పట్నం మైదానంలోనో కాకుండా జాతర తోపులో ఎత్తడం వల్లనే, అది అన్ని వాడల మధ్యకు వచ్చింది. తూటా కూడా అలాగే వచ్చింది.

కాల్పుల వార్త దేశమంతా పాకింది. గాంధీ మాట మీద సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ మే నెలలో మైసూరు వచ్చారు. మీర్జా-పటేల్ ఒప్పందం కుదిరింది. ఇకమీదట మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరవచ్చు, ఖైదీలను వదిలేస్తారు. కాల్పుల మీద విచారణకు మద్రాసు హైకోర్టు మాజీ జడ్జి సర్ వేపా రామేశం అధ్యక్షతన కమిటీ వేశారు. తెలుగువాడే. రెండు జెండాలు పక్కపక్కన ఎగరడానికి పల్లె జనం ఇచ్చిన వెల అది. ఒప్పందం పత్రంలో దివాను పేరుంది, పటేల్ పేరుంది.

అదే 1938లో ఇవతలి ఒడ్డున ఏం జరిగిందో కూడా చెప్పాలి. మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా దళితుల ఆలయ ప్రవేశానికి బిల్లు పెడితే, కాంగ్రెసు ప్రధాని రాజాజీ దాన్ని ఇప్పుడు వద్దన్నాడు, బిల్లు వీగిపోయింది. మరుసటి ఏడు కొన్ని గుళ్లు తెరవడానికి వేరే చట్టం వచ్చింది. 1934లో హరిజన యాత్ర పేరున గాంధీ అనంతపురం జిల్లాలో తిరిగి అస్పృశ్యత పాపమని చెప్పి నాలుగేళ్లయింది. అంటే హిందూపురం మాలపల్లె కుర్రాడు ఆ ఏప్రిల్‌లో ఇవతల జెండా పట్టుకోవచ్చు, గుళ్లోకి పోకూడదు. ఏరు దాటితే జెండా పట్టుకున్నా తూటా, గుడి సంగతి మాత్రం మామూలే. ధర్మన్న వేసిన ప్రశ్న ఈ రెండు గట్ల మధ్య ఇంకా అలాగే ఉంది.

ఎక్కడ వెతకాలి

విద్యార్థులు అడుగుతుంటారు, రికార్డులో లేనివాళ్లను ఎలా పట్టుకోవడమని. రికార్డులో అసలు లేరని కాదు, వేరే పేరుతో ఉన్నారు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరూరా మాన్యాల రిజిస్టర్లు తయారు చేసింది. ఆ మాన్యం ఎవరిది, ఏ సేవకు ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది అన్నీ అందులో రాశారు. తలారి, వెట్టి, కట్టుబడి అన్న కాలమ్ దగ్గర ఆగి చదివితే మన తాతలు కనిపిస్తారు. ఏ భూమి సర్కారు కలిపేసుకుందో తెలిస్తే, ఎవరికి తిరగబడే కారణం ఉందో తెలుస్తుంది. నేరస్థ తెగల రిజిస్టర్లలో ఎరుకల కుటుంబాల వేలిముద్రలున్నాయి. వాటిని నేర చరిత్రగా చదివింది పోలీసువాళ్లు. మనం వేరేగా చదవొచ్చు. ముసలివాళ్లను అడిగేటప్పుడు 'మీ ఇంట్లో స్వాతంత్ర్య సమరయోధులున్నారా' అని అడిగితే లేరనే చెబుతారు. 'మీకు మాన్యం ఉండేదా, ఎట్లా పోయింది' అని అడగాలి. కథ అక్కడి నించి నడుస్తుంది.

హిందూపురంలో చదివే పిల్లలకు విదురాశ్వత్థం బస్సులో అరగంట దారి. రైల్వే స్టేషనూ ఉంది. అక్కడ వీరసౌధ అని స్మారక భవనం కట్టారు, స్థూపం ఉంది. పేర్లు కన్నడ లిపిలో ఉంటాయి. తెలుగు వచ్చినవాళ్లు కాసేపు కూడబలుక్కుంటే చదివేయొచ్చు. ఇంటిపేర్లుండవు, బిరుదులుండవు. పేరు ముందు ఊరి పేరు ఉంటుంది. మొదట ఆ ఊరి పేరు రాసుకోండి. తర్వాత ఆ ఊరికి పోయి, ఏ వాడలో అడగాలో అడగండి.